ఫల్గు నదికి ఎగువన: యాత్రికుల ప్రశ్నలు, జవాబులు

మహాలయ పక్షాలు దగ్గర పడుతున్నాయి. ఈ నెల వచ్చిన జాబుల్లో సగానికి పైగా గయ గురించే. కొన్నింటికి కార్డు ముక్క మీద రెండు మాటలు రాస్తే సరిపోయింది. కొన్నింటికి తీరిగ్గా కూర్చుని రాయాల్సి వచ్చింది. అందుకే ఈసారి తక్కువ ప్రశ్నలే తీసుకున్నాను.

ప్రశ్న: మేము పదకొండు మందిమి కాశీ, ప్రయాగ, గయ వెళుతున్నాం. ఏడు రోజుల యాత్ర. గయలో పిండ ప్రదానాలు అయ్యాక బోధగయలో ఒక గంట ఆపుతామన్నారు. అది బౌద్ధుల గుడి కదా, పిండాలు పెట్టిన రోజు అక్కడికి వెళ్ళొచ్చా అని మా అత్తగారి సందేహం. అసలు మనకు అక్కడ పనేముంది?
(నిజామాబాద్ నుంచి ఒక గృహిణి)

అమ్మా, మీ అత్తగారి సందేహం నాకు కొత్త కాదు. మా నాన్నగారికీ అదే వచ్చింది. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు నది గురించి చెప్పనివ్వండి.

మీరు పిండాలు కలిపే ఫల్గు నది గయలో పుట్టింది కాదు. దక్షిణాన ఝార్ఖండ్ వైపు నుంచి లీలాజన్ అనే ఏరు ఉత్తరంగా వస్తుంది. దాని పాత పేరు నైరంజన. అది బోధగయను ఒరుసుకుంటూ పారి, కాస్త దిగువన మోహన అనే ఇంకో ఏటితో కలుస్తుంది. అక్కడి నుంచి దాని పేరు ఫల్గు. ఆ నీళ్ళే గయలో విష్ణువు పాదముద్ర ఉన్న విష్ణుపాదం గుడి మెట్ల కిందికి వస్తాయి. రెండు ఊళ్ళకూ మధ్య దూరం పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. ఏరు ఒక్కటే.

ఆరేళ్ళు ఉపవాసాలు చేసి ఎముకల గూడైన సిద్ధార్థుడు, ఒంటిని మాడ్చుకుంటే సత్యం దొరకదని తెలుసుకుని స్నానం చేసింది ఈ నైరంజనలోనే. అవతలి ఒడ్డున ఉన్న పల్లెలో సుజాత ఆయనకు పాయసం పెట్టింది. ఆ పాయసాన్ని ఆయన తూర్పు ముఖంగా కూర్చుని 49 ముద్దలుగా చేసి తిన్నాడనీ, ఒక్కో ముద్ద ఒంటి టెంక తాటిపండంత ఉందనీ, ఆ తర్వాత 49 రోజులు మళ్ళీ అన్నం ముట్టలేదనీ పాళీ భాషలో ఉన్న జాతక కథల ఉపోద్ఘాతం చెబుతుంది. ఆ ముద్దలకు అక్కడ వాడిన మాట ఏమిటో తెలుసా? పిండం. మొదటిసారి ఆ వాక్యం చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఒకే ఏటి ఒడ్డున, ఎగువన ఒక మనిషి బతకడానికి తిన్న అన్నం ముద్దా, దిగువన మనం పోయినవాళ్ళ కోసం విడిచే అన్నం ముద్దా, రెంటికీ ఒకటే పేరు.

ఇక మన గ్రంథాల మాట. గయా మాహాత్మ్యం చెప్పే స్థలాల్లో బోధగయ దగ్గరి ధర్మారణ్యం, మతంగవాపి ఉన్నాయి. ధర్మేశ్వరుడికి మొక్కి మహాబోధి తరువుకు నమస్కరించమని కూడా అందులో ఉంది. అన్ని వేదుల దగ్గరా, అంటే పిండాలు పెట్టే ప్రతి చోటా, శ్రాద్ధం చేసే ఉత్తరాది వాళ్ళు ఇప్పటికీ అక్కడికి వెళతారు. మనవాళ్ళు ఒక్క రోజులో ముగించుకుంటారు కాబట్టి ఫల్గు, విష్ణుపాదం, అక్షయవటం అనే మర్రితో సరిపెట్టుకుంటారు. బుద్ధుడు కూడా గయను పరాయి ఊరు అనుకోలేదు. జటాధారులై అగ్నిని కొలిచే కాశ్యప సోదరులూ వాళ్ళ శిష్యులూ, మొత్తం వెయ్యి మందికి, కళ్ళూ చెవులూ మనసూ అన్నీ మండుతున్నాయని ఆయన బోధించింది గయాశీర్షం మీద. ఈనాటి బ్రహ్మయోని కొండే అది.

ఇప్పుడు మా నాన్నగారి సంగతి. 1996 ఫిబ్రవరి. అమ్మ పోయి ఏడాది దాటింది. నాన్న, అన్నయ్య, నేను ఒక యాత్రా బస్సులో వెళ్ళాం. విష్ణుపాదం మండపంలో అన్నయ్య కర్త. కర్మ చేయించే బ్రహ్మగారు మాతృషోడశి చెప్పించారు. అంటే అమ్మకు ప్రత్యేకంగా పదహారు పిండాలు. కడుపులో మోసిన నెలల బరువుకు ఒకటి, పురిటి నొప్పులకు ఒకటి, బిడ్డ తడిపిన పక్క మీద చలిలో తాను పడుకున్న రాత్రులకు ఒకటి, తన ఆకలి చంపుకుని పాలిచ్చినందుకు ఒకటి, ఇలా. బ్రహ్మగారు ఒక్కోదానికి తెలుగులో అర్థం చెబుతుంటే అన్నయ్య గొంతు పూడుకుపోయి మంత్రం పలకలేకపోయాడు. అంతసేపూ నాన్న ఒక రాతి స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. కొడుకు చేస్తుండగా ఆయన చేసేదేమీ లేదు మరి. నలభై రెండేళ్ళు కాపురం చేసిన మనిషికి అక్కడ చెప్పుకోవడానికి ఒక్క మాట లేకపోయింది.

మధ్యాహ్నం బోధగయలో బస్సు ఆపి, "నలభై నిమిషాలు. హారన్ కొట్టగానే వచ్చెయ్యాలి" అన్నాడు నడిపించే ఆయన. "అది మనది కాదుగా, నేను బస్సులో ఉంటాను" అన్నారు నాన్న. అప్పటికి పదిహేనేళ్ళుగా నేను బడిలో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. బుద్ధునికి జ్ఞానోదయం ఎక్కడ కలిగింది, ఒక మార్కు. ఆ చోటు చూడకుండా ఎలా వెళతాను? చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. బోధివృక్షం కింద తెల్లచీరల్లో శ్రీలంక ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. ఒకావిడ చిన్న నోటుపుస్తకం తెరిచి పేర్లు చదువుతోంది. పక్కనున్న భిక్షువును ఇంగ్లీషులో అడిగాను. పోయినవాళ్ళ పేర్లట. తాము చేసిన పుణ్యంలో వాళ్ళకూ భాగం పంచుతున్నారట. నాన్నకు చెప్పాను. ఆయన కాసేపు ఆ చెట్టు వైపు చూసి, "అయితే నేనూ మీ అమ్మ పేరు చెప్పుకోవచ్చా ఇక్కడ?" అని అడిగారు.

చెప్పుకోండి నాన్నా అన్నాను. కండువా ఒళ్ళో వేసుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. పెదాలు కదులుతున్నాయి. అంతలో బస్సు హారన్. రెండోసారి హారన్. మా కోసం ముప్పై మంది ఎదురుచూస్తున్నారన్న బెదురుతో నేనే లేపాను. బస్సు కదిలాక, "సగంలో లేచానమ్మా" అన్నారు. అంతే. మళ్ళీ ఆయన్ని తీసుకెళ్ళలేకపోయాను. 2003లో పోయారు.

అందుకని చెబుతున్నాను తల్లీ. ఒక గంట చాలదు. మీరు పదకొండు మంది ఉన్నారు, గట్టిగా అడగండి. గయలో బస వద్దని, ఆ రాత్రి బోధగయలో బస ఇవ్వమనండి. ఆటోలో అరగంట, ముప్పావు గంట దూరం. పిండాలు పెట్టిన రోజు ఎలాగూ ఒంటిపూట భోజనం, ఊరి తిరుగుళ్ళు ఉండవు. సాయంత్రం ఆ చెట్టు కింద మౌనంగా కూర్చోవడం ఆ రోజు నియమానికి భంగం ఎలా అవుతుంది? అత్తగారికి నా మాటగా చెప్పండి.

ఉదయం ఐదింటికే ఆలయం తెరుస్తారు. సెల్‌ఫోన్లు లోపలికి రానివ్వరు, బయట భద్రపరిచే చోట ఇచ్చి వెళ్ళాలి. 55 మీటర్ల గోపురం వెనక, పడమటి వైపున చెట్టు. ఇప్పుడున్నది ఆనాటి చెట్టు కాదు. పాతది 1876లో గాలివానకు కూలితే 1881లో పురావస్తు అధికారి కన్నింగ్‌హామ్ కొత్త మొక్క నాటించాడు. ఆకు రాలితే తీసుకోవచ్చు, కొయ్యకూడదు. దర్భలు, తిలలు, పిండాల సామాను అక్కడికి తేవద్దు. బుద్ధుడు దశావతారాల్లో ఒకడు కాబట్టి వెళ్ళండని నేను చెప్పను. ఆ మాట బౌద్ధుల్లో చాలామందికి నొప్పి కలిగిస్తుంది. ఆలయం నిర్వహణ 1949 చట్టం ప్రకారం హిందువులూ బౌద్ధులూ కలిసి ఉన్న కమిటీది. తమ గుడి పూర్తిగా తమకు అప్పగించాలని బౌద్ధులు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నారు. ఆ బాధ తెలిసినవాళ్ళలా, చుట్టపుచూపుగా వెళ్ళినవాళ్ళలా మెలగాలి మనం.

ప్రశ్న: నాకు అన్నదమ్ములు లేరు. నాన్నగారు పోయి మూడేళ్ళయింది. గయలో నేనే పిండం పెట్టాలని ఉంది. మా ఇంటి పురోహితులు కుదరదన్నారు. నిజమేనా?
(సికింద్రాబాద్ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగిని)

గయలో దశరథ మహారాజుకు పిండం పెట్టింది ఎవరు తల్లీ? సీతమ్మ. సామగ్రి కోసం రామలక్ష్మణులు వెళ్ళారు. ఈలోగా దశరథుడు చెయ్యి చాచి ఆకలన్నాడు. చేతిలో ఏమీ లేదు, ఫల్గు ఇసుకే ముద్ద చేసి పెట్టింది. ఆయన తృప్తిగా అందుకుని వెళ్ళాడు. తర్వాత సాక్ష్యం అడిగితే ఫల్గు అబద్ధమాడింది, ఆవు ఆడింది, తులసి ఆడింది. మర్రిచెట్టు ఒక్కటే నిజం చెప్పింది. అందుకే అది అక్షయవటం అయింది, ఫల్గు ఇసుక కిందికి పోయి అంతర్వాహిని అయింది. విష్ణుపాదానికి ఎదురుగా అవతలి ఒడ్డున సీతాకుండం ఉంది. అక్కడ ఇప్పటికీ ఇసుక పిండాలే పెడతారు. ఆ క్షేత్రంలోనే కూతురికి అధికారం లేదంటే నా మనసు ఒప్పుకోదు.

అయితే సంప్రదాయాలు ఇంటికొక తీరుగా ఉన్నాయి. కొందరు బ్రహ్మగార్లు ఆడవాళ్ళ చేత సంకల్పం చెప్పించి, దర్భ ఇచ్చి పిండప్రదానం మరొకరి చేత చేయిస్తారు. కొందరు అన్నీ కూతురి చేతే చేయిస్తారు. రెండూ నా కళ్ళతో చూశాను. కాబట్టి అక్కడికి వెళ్ళాక వాదించుకోవద్దు. ఆ రోజు మనసు చెదరకూడదు. గయలో తెలుగు మాట్లాడే పురోహితులు ఉన్నారు. నెల ముందే ఫోన్ చేసి సూటిగా అడగండి: "నేనే కర్తను, నా చేతే చేయిస్తారా?" చేయిస్తామన్న వారి దగ్గరికే వెళ్ళండి. ఆ ఫోన్లోనే సంభావన ఎంత, గయలోని వంశపారంపర్య పూజారులైన పండాలకు ఎంత, సామగ్రి, వంట అందులో కలిసిందా లేదా అన్నీ తేల్చుకోండి. ఒకసారి మా బృందంలో ఒక పెద్దాయనను పిండాలు చేతిలో పట్టుకుని ఉండగా ఆపి, ఇంకా ఇస్తేనే సుఫలం, అంటే శ్రాద్ధం ఫలించిందన్న మాట, పలుకుతామన్నారు. ఆయన ఆ నీళ్ళు నిండిన కళ్ళతో జేబులు తడుముకోవడం నేను మరిచిపోలేను. ముందు తేల్చుకుంటే ఆ అవస్థ రాదు.

మీరు ఇప్పుడే మొదలుపెట్టాల్సిన పని ఇంకొకటి ఉంది. పేర్ల పట్టిక. నాన్నవైపు మూడు తరాలు, అమ్మవైపు మూడు తరాలు, గోత్రాలు, నాన్నగారి తిథి. ఊళ్ళో మిగిలిన పెద్దవాళ్ళకు ఫోన్లు చేయండి. మా ముత్తవ్వ పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. చివరికి చీరాలలో ఉన్న తొంభై ఏళ్ళ మేనత్త చెప్పింది. చెప్పిన మూడు నెలలకు ఆవిడా పోయింది. నేను అడగకపోతే ఆ పేరు అక్కడితో మాసిపోయేది.

గయలో రక్తసంబంధం లేనివాళ్ళకు కూడా పెట్టే ధర్మపిండాలు ఉన్నాయని మరిచిపోవద్దు. గురువులు, స్నేహితులు, ఇరుగుపొరుగు, ఇంట్లో పనిచేసినవాళ్ళు, దిక్కులేక పోయినవాళ్ళు, గొడ్డూ గోదా. నా పట్టికలో మా ముగ్గురికీ పురుడు పోసిన మంత్రసాని ఉంది, మాకు అక్షరాలు దిద్దించిన వీధిబడి పంతులు ఉన్నారు, నాన్న ఇరవై ఏళ్ళు దున్నిన ఎద్దుల జత ఉంది. గయ నాకు అన్ని క్షేత్రాల కంటే దగ్గరగా అనిపించేది ఇందుకే.

ఒక మార్పు కూడా తెలుసుకోండి. మా రోజుల్లో ఇసుకలో చేత్తో చెలమ తోడితే నీరు ఊరేది. 2022లో రబ్బరు డ్యామ్ కట్టాక విష్ణుపాదం ఘాట్ దగ్గర నీళ్ళు నిలిచి ఉంటున్నాయి. స్నానానికి, తర్పణానికి సుఖం.

ప్రశ్న: కాశీలో కాయ, పండు వదలాలంటారు. ఏవి వదలాలి?
(తాడేపల్లిగూడెం)

ఆ వదలడం నిజానికి గయలో అక్షయవటం దగ్గర. మన నోట కాశీ అని పడిపోయింది. ఎలాగూ ఇష్టం లేని కాకరకాయ వదిలి వచ్చేవాళ్ళను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. ఇష్టమైనదే వదలండి. నేను సీతాఫలం వదిలాను. ఏటా దసరా రోజుల్లో బజారులో గంపల నిండా అవి కనబడగానే ఆ మర్రి నీడా, అన్నయ్య గొంతూ గుర్తొస్తాయి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. డిసెంబరులో రెండు వారాల సెలవులో భార్యా పిల్లలతో బుద్ధుడి నాలుగు స్థలాలూ, కాశీ చూడాలని ఉంది. ఏ వరసలో వెళ్ళాలి? పిల్లలు అమెరికా పౌరులు.

బాబూ, బుద్ధుడు పోయేముందు శిష్యుడు ఆనందుడితో చూడవలసిన నాలుగు చోట్లు చెప్పాడు: పుట్టిన చోటు, బోధి పొందిన చోటు, మొదట ధర్మం చెప్పిన చోటు, నిర్వాణం పొందే చోటు. లుంబిని, బోధగయ, సారనాథ్, కుశీనగర్. జీవితం వరసలోనే చూడాలని పట్టుపడితే రోడ్డు మీదే సెలవంతా అయిపోతుంది. కాశీలో దిగండి. మూడు రాత్రులు ఉండండి. సారనాథ్ పది కిలోమీటర్లే. అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు. మన నోట్ల మీద ఉన్న నాలుగు సింహాల అసలు రాయి అక్కడే ఉంది, పిల్లలకు తప్పక చూపించాలి. కాబట్టి శుక్రవారం తప్పించండి. అక్కడి నుంచి బోధగయ మూడు రాత్రులు. తర్వాత రాజగిరి, నలంద. రాజగిరిలో బుద్ధుడు బోధించిన గృధ్రకూటం కొండ మెట్లు పొద్దున్నే ఎక్కండి, కింద బ్రహ్మకుండం వేడినీళ్ళలో హిందూ యాత్రికులు స్నానాలు చేస్తుంటారు. ఆ తర్వాత పాట్నా, వైశాలి మీదుగా కుశీనగర్, ఆఖరున సునౌలీ సరిహద్దు దాటి లుంబిని. తిరిగి గోరఖ్‌పూర్ వచ్చి విమానం.

డిసెంబరు చివర, జనవరిలో ఆ మైదానాలంతా పొగమంచు. రైళ్ళు ఎనిమిది, పది గంటలు ఆలస్యమవడం మామూలే. తెల్లవారుజామున రోడ్డు ప్రయాణం పెట్టుకోవద్దు. ఎక్కడో ఒకచోట ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి. బోధగయలో అవి రద్దీ రోజులు. టిబెట్ వాళ్ళు చెక్కల మీద సాష్టాంగాలు చేస్తూ చెట్టు చుట్టూ నిండిపోతారు. గదులు ఇప్పుడే చూసుకోండి.

కాగితాల సంగతి. భారత పౌరులు నేపాల్‌కు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ తీసుకెళ్ళాలి. ఆధార్‌ను నమ్ముకోవద్దు. మీ పిల్లలకు నేపాల్ వీసా కావాలి. అసలు చిక్కు తిరిగి రావడంలో ఉంది. విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్ళకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉంటే బెంగ లేదు. వట్టి వీసా మీద వస్తుంటే అది రెండోసారి, అదీ రోడ్డు దారిన, భారత్‌లోకి రానిస్తుందో లేదో బయల్దేరేముందే చూసుకోండి.

లుంబినిలో అశోకుడి స్తంభం దగ్గర ఆగి పిల్లలకు శాసనంలో ఏముందో చెప్పండి. పట్టాభిషేకమైన ఇరవై ఏళ్ళకు తానే స్వయంగా వచ్చి పూజించాననీ, ఇక్కడ శాక్యముని పుట్టాడు కాబట్టి ఈ ఊరికి పన్ను తగ్గించి పంటలో ఎనిమిదో వంతు చేశాననీ చెక్కించాడు. పుణ్యక్షేత్రానికి వచ్చిన చక్రవర్తి ముందుగా చూసింది అక్కడి రైతు శిస్తు. నేను రైతు బిడ్డను, నాకు ఆ వాక్యం దగ్గర చేతులు వాటంతటవే జోడించుకుంటాయి.

కుశీనగర్‌కు ఒక పూట చాలు అంటారు. చాలదు. ఆరు మీటర్ల పొడవున కుడిపక్కకు తిరిగి పడుకున్న బుద్ధుడి పాదాల దగ్గర కూర్చోండి. ఆయన ఇక బతకడని తెలిసి ఆనందుడు గుమ్మం పట్టుకుని ఏడ్చాడని మహాపరినిర్వాణ సూత్రంలో ఉంది. పాతికేళ్ళు వెంట తిరిగి అన్ని బోధలూ విన్నవాడే ఏడ్చాడు. పరదేశంలో ఉంటూ అమ్మానాన్నలను తలుచుకుని ఏడ్చేవాళ్ళకు ఆ గుమ్మం తమదే అనిపిస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్ళు, ఉబ్బసం ఉంది. ముక్తినాథ్ చూడాలని పట్టుబడుతున్నారు. తీసుకెళ్ళమంటారా?
(హనుమకొండ)

ఆయన ఆశ నాకు అర్థమవుతుంది. నేపాల్‌లోని ముక్తినాథ్ తిరుమంగై ఆళ్వార్ పాడిన సాలగ్రామ దివ్యదేశం, అంటే వైష్ణవుల 108 పుణ్యక్షేత్రాల్లో ఒకటి. టిబెటన్ బౌద్ధులకూ అంతే పవిత్రం. ఒకే మూర్తికి విష్ణువని మనమూ, కరుణామూర్తి అయిన బోధిసత్త్వుడు అవలోకితేశ్వరుడని వాళ్ళూ మొక్కుతాం. బౌద్ధ సన్యాసినులు గుడి సేవ చేస్తారు. 108 గోముఖాల నుంచి మంచు కరిగిన నీళ్ళు పడుతుంటాయి. ఆ పక్కనే జ్వాలామాయి గుడిలో భూమిలోంచి వచ్చే వాయువుతో చిన్న నీలి మంట వెలుగుతుంది.

కానీ అది 3,700 మీటర్ల పైన ఉంది. బయల్దేరే ఊరు పోఖరా వెయ్యి మీటర్లు కూడా ఉండదు. పొద్దున్నే విమానమెక్కి అరగంటలోపు 2,700 మీటర్ల జోమ్‌సోమ్‌లో దిగి, జీపులో అదే పూట పైకి వెళితే కుర్రవాళ్ళకే తల తిరుగుతుంది. పొద్దెక్కాక గాలులు లేస్తాయి కాబట్టి ఆ విమానాలు ఉదయం పూటే. వాతావరణం బాగాలేకపోతే అవీ ఉండవు. ఛాతీ డాక్టరుకు ఎత్తు ఎంతో అంకెతో సహా చెప్పి అడగండి. ఆయన సరేనంటే జోమ్‌సోమ్‌లో ఒకటి రెండు రాత్రులు ఆగి వెళ్ళండి, 108 ధారల కింద తడవనివ్వకండి, శిరస్సున చల్లితే చాలు. డాక్టరు వద్దంటే వద్దు. నా కళ్ళ ముందు ఒక పెద్దావిడ ఆయాసంతో నీలంగా మారి, దర్శనం కాకుండానే కిందికి దించవలసి వచ్చింది. కొడుకు ముఖం చూడలేకపోయాను.

అప్పుడు ఖాట్మండు తీసుకెళ్ళండి, 1,400 మీటర్లే. పొద్దున పశుపతినాథుడు. అక్కడ అర్చకులు మన దక్షిణాది భట్టులు, కర్ణాటక నుంచి వెళ్ళినవాళ్ళు. సాయంత్రం బౌద్ధనాథ్ స్తూపం చుట్టూ ప్రదక్షిణ. దీపాలు పెట్టే వేళకు వందల మంది టిబెటన్ ముసలివాళ్ళు జపచక్రాలు తిప్పుకుంటూ నడుస్తారు. నాన్నగారి వయసు వాళ్ళే. ఆ నడకలో ఆయన్ని ఎవరూ తొందరపెట్టరు.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. మా నాన్న కూలి పని చేస్తాడు. తాతకు గయ వెళ్ళాలని ఉండేది, వెళ్ళకుండానే పోయాడు. అంత దూరం మేము వెళ్ళలేం. దగ్గరలో ఏమైనా ఉందా?
(రేపల్లె)

ఉంది నాయనా. గయకు ఆ పేరు తెచ్చిన గయాసురుడనే రాక్షసుడి తల గయలో, నాభి ఒడిశా జాజ్‌పూర్‌లో, పాదాలు మన పిఠాపురంలో పడ్డాయంటారు. అందుకే అది పాదగయ. కుక్కుటేశ్వర స్వామి గుడిలో, పురుహూతికా అమ్మవారు ఉన్న చోటే, పుష్కరిణి ఒడ్డున పిండాలు పెడతారు. మీ నాన్నను తీసుకుని రైల్లో వెళ్ళి ఒక్క రోజులో చేసి రావచ్చు. దాన్ని గయకు బదులు అనుకుని చిన్నబుచ్చుకోవద్దు, అది గయలో భాగమే. పిఠాపురానికి దగ్గర్లోనే కొడవలి కొండ మీద శాతవాహనుల నాటి బౌద్ధ స్తూపం శిథిలాలు ఉన్నాయి. ఓపిక ఉంటే అదీ చూడండి.

ఇంకొకటి నీకు మరీ దగ్గర. తెనాలి, రేపల్లె లైన్లో భట్టిప్రోలు స్టేషన్ మీదుగా ఎన్నిసార్లు వెళ్ళి ఉంటావో. ఆ ఊరి స్తూపం దిబ్బ చూశావా? అశోకుడి కాలానికి ఎంతో దూరం కాని స్తూపం అది. ఇటుకలు చాలావరకు రోడ్లకూ కాలువ పనులకూ తవ్వుకుపోయారు. మిగిలినదాన్ని 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే తవ్వితే రాతి కరండాలు (పెట్టెలు), వాటి మీద ఎంతో పాత బ్రాహ్మీ అక్షరాలు, లోపల స్ఫటికపు భరిణెలో ధాతువు, అంటే బుద్ధుడిదని నమ్మే అస్థి అవశేషం, దొరికాయి. ఆ ధాతువు 1920లో కలకత్తా ధర్మరాజిక విహారానికి చేరింది. ఎక్కడెక్కడి బౌద్ధులో అక్కడికి వచ్చి మొక్కుతున్నది మన భట్టిప్రోలు మట్టిలో దాచిన దానికి. నేను ఆ పక్క పల్లెలో పుట్టి, ముప్పై ఏళ్ళు వచ్చేదాకా ఆ దిబ్బ ఎక్కలేదు. బడిలో సాంచీ గురించి చెప్పాను, దీని గురించి చెప్పలేదు. ఆ వెలితి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అమరావతి కూడా నీకు ఒక పూట ప్రయాణం. పంచారామాల్లో ఒకటైన అమరేశ్వరుడి గుడి, కృష్ణ ఒడ్డు, మహాచైత్యం అనే పెద్ద బౌద్ధ స్తూపం అన్నీ నడిచేంత దూరంలో. 2006 జనవరిలో దలైలామా అక్కడ కాలచక్ర అనే టిబెటన్ బౌద్ధ దీక్షా ఉత్సవం జరిపినప్పుడు, బుద్ధుడు కాలచక్రం బోధించిన ధాన్యకటకం ఇదేనని నమ్మి వేలమంది టిబెటన్లు వచ్చారు. గుంటూరు బస్టాండులో వాళ్ళకు దారి చెప్పిన మనవాళ్ళలో చాలామందికి ఆ పేరు అప్పుడే తెలిసింది.

ముందు భట్టిప్రోలు వెళ్ళిరా. రేపల్లె నుంచి టికెట్టుకు పెద్ద ఖర్చు కాదు. సాయంత్రం ఎండ దిగాక వెళ్ళు, దిబ్బ మీద నీడ ఉండదు. తాత పేరు అక్కడ చెప్పుకో. తొందరేమీ లేదు, చీకటి పడ్డాక కూడా తిరిగి రావడానికి బస్సులు ఉంటాయి.